తాలు

గుంటూరు మిర్చి యార్డు, హమాలీల సంఘం.
తొమ్మిది అంశాల తీర్మానం.
రాసింది నేనే. గీతల కాగితం,
అక్కడక్కడా కారం వేలిముద్రలు.

రెండోది: ఆడవాళ్ళకి మరుగుదొడ్డి, ఏడో షెడ్డు వెనక.
మూడోది: టిక్కీకి రూపాయిన్నర పెంపు.
నాలుగోది రాస్తున్నప్పుడే పెన్ను ఒకసారి ఆగింది,
సంక్షేమనిధి సొమ్ము
కోశాధికారి బావమరిది చిట్టీలో వెయ్యడం.

ఏసోబు అధ్యక్షుడై పదకొండు రోజులు.
నలభై కిలోల టిక్కీ వీపున వేసుకుని
లారీ పలక ఎక్కేవాడికి
కాగితం పట్టుకుంటే చెయ్యి వణికింది.
"నాలుగోది కొట్టేసి మిగతాదానికి సంతకం పెట్టకూడదా, రైటరుగారూ?"

కూడదు.
పెడితే అంతటికీ పెట్టు, లేదా అంతా తిప్పి పంపు.
తిప్పినా మళ్ళీ అదే వస్తే ఇక పెట్టాల్సిందే.
ఢిల్లీలో కూర్చునే పెద్దాయనకీ అంతే,
కలం ఇచ్చారు, కత్తెర ఇవ్వలేదు.

నాగూర్‌బీ నవ్వింది. తుమ్మింది. మళ్ళీ నవ్వింది.
"పొద్దున్నించి సందేళదాకా నేను చేసేదేంది?
తెల్లకాయ కనపడితే తీసి పక్కన పడేస్తా.
తాలుందని బస్తా బస్తా రైతు మొహాన కొడతామా?
ఏరే చెయ్యి నాకుంది,
ఇంత పెద్ద ప్రెసిడెంటుకి లేదంట!"

నిజమే అనిపించింది.
అలా అనిపించినప్పుడల్లా నేను పాత మినిట్స్ బుక్కు తీస్తాను.

అంతకుముందాయనకి కత్తెర ఉండేది.
అడ్డగీత గీసి పొట్టి సంతకం చేసేవాడు.
మొదటి ఏడు గీత పడ్డది దొంగలెక్కల మీద. అందరం చప్పట్లు కొట్టాం.
మరుసటేడు మాస్కుల మీద.
ఆ పై ఏడు ఇదే మరుగుదొడ్డి మీద.
మిగతావన్నీ పాసయ్యాయి కదా అని
ఎవరూ గొంతెత్తలేదు, నేనూ ఎత్తలేదు.
చాలా ఆలస్యంగా బైలా మార్చి కత్తెర లాక్కున్నాం.
ఆ మార్పూ నా చేతిరాతే.

ఇంకోటి కూడా ఏసోబుకి చెప్పాను:
కాటావాళ్ళ పదిహేడు ఓట్లూ రెండోదానికి ఊరికే రాలేదు.
నాలుగోది చూసే చేతులెత్తారు.
ఇవాళ వాళ్ళ వైపు కొస కోసేస్తే
వచ్చేసారి నీతో ఎవడు ముడేస్తాడు?

విన్నాడో లేదో.
కాగితం మడిచి బీడీకట్టతో పాటు జేబులో పెట్టుకున్నాడు.
మూడురోజులు అక్కడే చెమటకి నానింది.
నాలుగోరోజు తిప్పి పంపాడు,
మొత్తంగా, మరుగుదొడ్డితో సహా.

నాగూర్‌బీ ఏమీ అనలేదు.
మధ్యాహ్నం కొంగు బిగించుకుని
లారీల వెనక్కే నడిచింది, కాపలాకి ఇంకొకామెను పిలుచుకుని.
ఏసోబు తల తిప్పుకున్నాడు.

సాయంత్రం ఆమె ఏరిన రాశి పక్కన కూర్చున్నాను.
తాలుకుప్పలో ఎర్రటి తేజకాయ ఒకటి.
తీసి చూపించా.
"మసక పడతాంది, చెయ్యి తప్పింది" అని
లాక్కుని ఎర్రకుప్పలోకి విసిరింది.

తాలుకీ ధర ఉంది ఈ యార్డులో.
విడిగా కాటా వేసి, విడిగా కొనేవాళ్ళున్నారు.

సోమవారం కాగితం మళ్ళీ వచ్చింది.
రెండోది రెండోదిగానే ఉంది.
నాలుగోది
ఆరోదై కూర్చుంది.
ఏసోబు వేళ్ళకి కారం.
పెన్ను మూత తియ్యమని నాకే ఇచ్చాడు.