కదలకూడదు

పున్నమి ఘాట్ దగ్గర పొద్దున ఆరున్నరకి
నీళ్ళు ఇంకా ఎవరితోనూ మాట్లాడవు.
తొమ్మిది మంది పిల్లలు, ఆరు పడవలు,
నారింజ రంగు జాకెట్లు.
ఒకదానికి జిప్పు పోతే పురికొస కట్టాను.

ముందు అందర్నీ ముంచుతాను.
మొదటి పాఠం అదే.
మొలలోతులో పడవ బోర్లిస్తే బుడుంగుమని
ముక్కులోంచి కృష్ణ కారుతూ లేచి నవ్వుతారు.
పడ్డం అయిపోయింది కదా, ఇంక దేనికి భయం?

తెడ్డు చేత్తో వేసేది కాదురా మోజెస్,
వీపుతో వేసేది.
ఎడమ లాగితే ముక్కు కుడికి తిరుగుతుంది.
ఎటు చూస్తే అటే పోతుంది పడవ.
ఆ బట్టలుతికే వాళ్ళనే చూస్తా ఉంటే
వాళ్ళ బండ మీదికే ఎక్కిస్తావు.

పదిహేనేళ్ళు ఇసుక పడవ మీద చేశాను నేను.
బకెట్టుతో అడుక్కి దిగి
చెవుల్లో నది హోరుతో పైకొచ్చేవాణ్ణి.
నాకెవరూ పాఠం చెప్పలేదు. తిట్టారు.
అదే పాఠం.

దీవెన ఒక్కతే మునగదు, నవ్వదు.
అంచులు రెండూ బిగబట్టి
ఊపిరి కూడా పక్కకి పోనివ్వకుండా
రాయిలా కూర్చుంటుంది.
పడవ మాత్రం గజగజ.

"వదులవ్వమ్మా" అన్నాను.
"కదలకూడదు" అంది.
ఎవరు చెప్పారే?

సింగ్ నగర్. బుడమేరు వచ్చిన నాడు.
మొదటి అంతస్తు మెట్ల మీంచి దించారంట,
నాయనమ్మ ఒళ్ళోకి, పాల ప్యాకెట్ల పక్కకి.
మునిగిన ఆటోల మీదుగా పోతూ
పడవబ్బాయి ఒకటే మాటంట:
కదలకండి. ఎవరూ కదలకండి.
గట్టు రాగానే అందరూ దిగారు.
ఈ పిల్ల ఇంకా దిగలేదు.

నాకేం చెప్పాలో తోచలేదు.
ఆ అబ్బాయి తప్పేం చెప్పలేదు మరి.
పదహారు మంది ఎక్కిన పడవకి అదే న్యాయం.

వెనక నిలబడి పడవ తోక పట్టుకున్నాను.
"ఇది నీ ఒక్కదాని పడవ.
అది ఒరిగితే నడుముని దాంతో పోనీ,
తలకాయి నీ దగ్గరే ఉంచుకో."
జోల ఊపినంత ఊపాను.
చిటికెన వేలు అంచుని వదిలింది. కాసేపటికి ఇంకోటి.
మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ వదిలింది.

భవానీ ద్వీపం వైపు లాంచీ ఒకటి పోయింది.
దాని అల మా దాకా వచ్చింది.
నేను ఊపలేదు.
పడవ ఊగింది,
దాంతో దీవెన నడుమూ.

రేపు ముంచమంటుందేమో.
సాయంత్రం వన్ టౌన్ వెళ్ళి జిప్పు కొనాలి.