చివరిసారి మాట్లాడిన తేదీ

వన్‌టౌన్‌లో మా ఆఫీసు కిటికీ
పొద్దున్న తుడిస్తే మధ్యాహ్నానికి నలుపే.
పోర్టు బొగ్గు. ఫైళ్ల మీదా అదే.

ఎర్రమ్మ మూడోసారొచ్చింది
పెదజాలారిపేట నుంచి, నడిచే.
బట్టల షాపు కవర్లో రేషన్ కార్డు, పెళ్లి ఫొటో,
మొగుడి పాస్‌పోర్టు జెరాక్సు.
అసలుది మస్కట్‌లో, సేటు బీరువాలో.

చివరిసారి మాట్లాడిన తేదీ?
అని ఉంటుంది దరఖాస్తులో.
"తేదీ ఏటి బాబూ,
కానాగంతలు ఇరగబడి పడ్డ రోజు.
ఏటి కూరని అడిగినాడు. సెప్పినాను.
మరింక ఊరుకున్నాడు."

హార్బర్‌కి ఫోన్ చేశాను.
వేలం రాసే గురుమూర్తి పాత చిట్టా తిరగేసి
"ఆగస్టు పంతొమ్మిది, సార్.
బుట్ట నూటయాభైకి కూడా ఎవడూ పాడలేదు" అన్నాడు.

తేదీ వేశాను.
ఫిర్యాదు గడిలో
ఏడు నెలల జీతం బాకీ అని రాశాను,
ఫోన్ లాక్కున్నారని రాశాను.
ఆ ఊరుకోవడం ఏ గడిలో రాయాలో తెలీక
పెన్ను మూత పెట్టి, మళ్లీ తీసి,
స్టాంప్ ప్యాడ్ కోసం సొరుగులు లాగుతున్నాను.

ఈలోగా ఎర్రమ్మ
కిటికీ గట్టున బొటనవేలు అద్ది
కాగితం మీద నొక్కేసింది.

ఎంబసీ వాళ్లు ఒప్పుకుంటారో లేదో.
గీతలు మాత్రం అన్నీ పడ్డాయి.