స్టార్టరు

చింతాద్రిపేటలో, చేపల మార్కెట్ వెనక సందులో
ఇరుకు మెట్లెక్కితే మా ల్యాబు.
ఇక్కడ ఊళ్ళోవాళ్ళ పళ్ళు తయారవుతాయి.
పింగాణీ పొడి తడిపి, సన్నకుంచెతో పొర మీద పొర పేర్చి
ఇన్నేళ్ళలో ఎన్ని చిరునవ్వులు చేసి పంపానో.
"నువ్వూ కాస్త నవ్వు వకుళా" అంటారు గుణశీలన్ సారు,
రోజూ, పదింటికి.

ఏ-టూ తెలుపుకీ ఏ-త్రీ తెలుపుకీ తేడా
షేడు కార్డు చూడకుండా చెప్పగలను.
ఆ కళ్ళకే, నా బల్ల మీది ట్యూబులైటు
సెకనుకి వందసార్లు చచ్చి బతకడం కనపడుతుంది.
"లైటు బాగానే ఉందే" అంటుంది మెర్లిన్.
"నువ్వూ బాగానే ఉన్నావుగా" అంది తాయారత్త,
పోయినేడు డాక్టరిచ్చిన కాగితం తిప్పి తిప్పి చూసి.
ముప్పైఎనిమిదేళ్ళుగా నా పేర్లు
మొండిఘటం, పొగరుబోతు, లోకం తెలీనిది.
ఆటిజం అన్న మాట చదువుకున్నప్పుడు
రవిక మెడవెనక గీరుకునే లేబుల్ని
ఎవరో కత్తెరతో తీసేసినట్టు అనిపించింది.
అత్తకి ఆ సంగతి చెప్పలేదు.

మొహమాటం మీద మా అమ్మమ్మ ఒక సామెత చెప్పేది.
ఇక్కడ రాయను. తెలిసినవాళ్ళు నవ్వుకోండి.
నాది అది కూడా కాదు.
ఎదుటి మొహంలో మాట చదవడం రాక
ముందుజాగ్రత్తగా సరే అనేయడం.
సరే, ఆదివారం వస్తాను.
సరే, అందరి మధ్యా కూర్చుని తింటాను.
వెనకనుంచి భుజం మీద పడ్డ చెయ్యికీ, సరే.
ఇంటికెళ్ళి దీపాలార్పి
స్నానాలగదిలో బకెట్ బోర్లించుకుని కూర్చుంటే
ఒక్కో సరే ఒంట్లోంచి దిగడానికి
గంట పట్టేది.

మెర్లిన్ కాన్పుకి వెళ్తోంది.
"సోమవారంనుంచి ఫోన్లు నువ్వే చూసుకో" అన్నారు సారు.
ఒక రాత్రి గడువడిగాను.

మర్నాడు వేళచ్చేరిలో రైలెక్కి కారణాలు పోగుచేశాను.
తరమణి దాటేసరికి నాలుగు,
మందవెళిలో ఎనిమిది,
లైట్‌హౌస్ దగ్గర సముద్రం కనపడ్డప్పుడు పదకొండు.
అన్నీ న్యాయమైనవే. వరసలో పెట్టాను.
చేపాక్ దగ్గర ఒక కుర్రాడు బిగ్గరగా ఫోనులో మాట్లాడాడు,
వరస చెదిరిపోయింది.

సారు ముందు నిలబడి
తమిళంలో వేండాం అందామనుకున్నాను.
తెలుగులో వద్దు అని వచ్చింది.
ఆయనకి తెలుగు రాదు.
అర్థమైంది.

"ఎందుకు?"
పదకొండూ పళ్ళ వెనక తోసుకుంటున్నాయి.
తలుపు తీయలేదు.
"పళ్ళు చేస్తాను సార్. ఫోన్లు చూడను."
ఆయన పెన్ను మూత తీశారు, పెట్టారు.
సరి, అని టీకి వెళ్ళిపోయారు.

అంతే. కొంపలేం మునగలేదు.
మధ్యాహ్నమంతా నా చేతులు మాత్రం వణికాయి,
ఒక కోరపన్ను పాడైతే మళ్ళీ చేశాను.
మెర్లిన్ రెండ్రోజులు మాట్లాడలేదు.
అలిగిందో, నడుం నొప్పో, నాకు తెలీదు.
అడిగితే చెబుతుంది. ఇంకా అడగలేదు.

సోమవారం ఎవరూ రాకముందే వచ్చాను.
రిచీ వీధిలో కొన్న బల్లదీపం సంచిలోంచి తీశాను,
అదరని తెలుపు, బేరమాడకుండా ఆరువందల యాభై.
స్టూలెక్కి, పైనున్న ట్యూబులైటు స్టార్టరుని
పావుచుట్టు తిప్పితే చేతిలోకి ఊడొచ్చింది,
పిల్లల పాలపన్నంత తేలిగ్గా.
జేబురుమాల్లో చుట్టి దాచుకున్నాను.

పదింటికి సారు తలెత్తి చూశారు.
"లైటు పోయిందా?"

"పోలేదు సార్.
తీశాను."