కింద ఉన్న ముక్క

నా బ్యాడ్జీ మీద కోటి అని ఉంటుంది.
కోటేశ్వరమ్మ మొత్తం ఆ రేకులో పట్టలేదు.
పదకొండేళ్ళుగా పేక పంచుతున్నాను:
మనీలా, జెజు, మకావ్, తైపే,
మళ్ళీ మెల్‌బోర్న్, యారా ఒడ్డున కిటికీల్లేని ఈ హాలు.
నా చేతుల్లోంచి కోట్లు పోయాయి.
అద్దె మాత్రం పక్షానికోసారి వెతుక్కునే కడతాను.

లొక్ నా ఎదుట ఎన్నిసార్లు కూచున్నాడో లెక్క లేదు.
వాళ్ళ భాషలో ఆ పేరుకి భాగ్యమని అర్థమట,
వాళ్ళమ్మ పెట్టిందట, సన్‌షైన్‌లో, కుట్టుమిషను ముందు కూచుని.
నాతో చెప్పలేదు. పక్క కుర్చీ వాడితో అంటుంటే విన్నాను.
బల్ల దగ్గర మా ఇద్దరి మధ్యా మూడే మాటలు,
చెక్, కాల్, ఆల్ ఇన్.
మిగతాదంతా అతని వేళ్ళు చెప్పేవి.
మంచి ముక్క పడ్డప్పుడు చిప్పుల దొంతర ముట్టడు.
పడాలని చూస్తున్నప్పుడు
బొటనవేలితో ఒకే చిప్పు అంచు రుద్దుతుంటాడు.

ఒక ఏడు జెజులో కొత్త కోటు, పెద్ద గడియారం,
చుట్టూ కుర్రాళ్ళు, ఫొటోలు.
మరుసటేడు అదే కోటు, మణికట్టు మీద తెల్లటి మచ్చ.
ఆ పై ఏడు
అతని ముందున్న చిప్పుల్లో సగం వేరేవాళ్ళవని తెలిసింది,
గెలిస్తే వాళ్ళకి పాలు, ఓడితే ఇతనికి పద్దు.
పగటి విమానాలు పోయి అర్ధరాత్రి చవక విమానాలొచ్చాయి.
నేనెప్పుడూ వాటిల్లోనే,
మూడు వరసలు వెనక, మెడకి దిండు తగిలించుకుని.
పలకరించకూడదని రూలేం లేదు.
అయినా పలకరించలేదు.

మనీలాలో ఆ పంపకం.
ఏడుగురు మిగిలారు. బల్ల మీద నాలుగు ముక్కలు,
రెండు ఆఠీన్లు.
అవతలివాడు ఉన్నదంతా ముందుకి తోశాడు.
లొక్‌కి ఇంకో ఆఠీను కావాలి, బొటనవేలు చెప్తోంది.
ఏసీ చప్పుడు వినపడేంత సేపు ఆలోచించాడు.
తర్వాత తన రెండు ముక్కల్నీ
పసిపిల్లకి దుప్పటి సర్దినంత మెల్లగా నా వైపు జరిపాడు.

కట్ట పోగుచేస్తుంటే అంచు జారింది.
పారేయాల్సిన ముక్క, దాని కింద రావాల్సిన ముక్క.
చూడకూడదు.
చూశాను.

ఈ రాత్రి భోజనాల వేళకే ఓడిపోయాడు.
రెండింటికి డ్యూటీ దిగి బయటికొస్తే
ట్రాము స్టాపులో ఉన్నాడు, జల్లులో, చేతిలో సగం తిన్న పై.
"సోమవారం నుంచి మా బావమరిది టైర్ల షాపులో," అన్నాడు,
ఎవరో అడిగినట్టు.
కాసేపాగి, "మనీలాలో, నేను పారేశాక,
ఏమొచ్చేదో నీకు కనపడిందా?"
పదకొండేళ్ళలో మొదటి ప్రశ్న.

బల్ల దిగేముందు మేం చేయాల్సిన పని ఒకటుంది.
అరచేతులు తట్టి, బోర్లించి, వెల్లకిలా తిప్పి
పైన కెమెరాకి చూపించాలి,
ఏమీ పట్టుకుపోవడం లేదని.
ఆ వానలో కెమెరా ఎక్కడుందో తెలియదు.
చూపించాను.

నవ్వాడు. "మంచి డీలరువి."
తొంభై ఆరు వచ్చింది. కార్డు ఆనించి ఎక్కాడు,
కిటికీ పక్క కూచోకుండా నిలబడే ఉన్నాడు.

నా వైపు ట్రాముకి ఇంకా టైముంది.
బోర్డు మీద ఎర్రగా తొమ్మిది వెలుగుతోంది.
ఎనిమిది అయ్యేదాకా
బూట్ల మీద నీళ్ళు చూస్తూ నిలబడ్డాను.