వలకన్ను

తెల్లవారి నాలుగున్నరకి ఫిషింగ్ హార్బర్‌లో
చేపలకంటే ముందు నేను తడుస్తాను.
ఐసు కొట్టే మరలోంచి ఎగిరిన ముక్కలు
చేతిలో ఫారం మీద పడి
"సరఫరాదారు మూల్యాంకనం"లో
మూల్యం దాకా ఉంచి తక్కినది అలికేశాయి.

సూరాడ దాలయ్య బోటు,
మా ఖాతాలో నాలుగొందల పదిహేడో నంబరు,
జెట్టీకి ఇంకా తాడు చుట్టలేదు.
నా దగ్గర ఇరవై మూడు ప్రశ్నలు సిద్ధం.
తాబేలు తప్పుకుపోయే తలుపు వలకి ఉందా?
వేట నిషేధం రోజుల్లో బోటు ఎక్కడుంది?
వలకన్ను ఎన్ని మిల్లీమీటర్లు?

స్కేలు ఇవ్వబోతే వద్దన్నాడు.
తడి వల ఎత్తి
వేళ్లు కంట్లో దూర్చి చూపించాడు.
రెండు పట్టాయి. మూడోది పట్టలేదు.

"ఇంత సన్నమా దాలయ్యా,
సముద్రానికి రేపన్నది ఉండొద్దా?"
ఏసీ గదిలో నేర్చుకున్న వాక్యం.
అక్కడ ఫెళఫెళలాడింది,
ఇక్కడ ఉప్పుగాలికి అప్పడంలా మెత్తబడింది.

అతను డీజిల్ చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.
"కన్ను పెద్దది సేత్తే సిన్నదంతా జారిపోతాది మేడమ్,
జారిపోనీ, మంచిదే.
ఆ నెల్లాళ్ల డీజిలు ఎవులిత్తారు?
కొత్త వలకి లచ్చా ముప్పై ఏలంట.
మీరేటో, ఈయాల ఏసిన రొయ్యకి
తొంబై రోజులకి సెక్కు రాత్తారు.
రొయ్య మూడ్రోజులాగదు,
నాను మూన్నెల్లు ఆగాల.
నన్నూ ఐసులో ఎడతారేటి?"

గంపల దగ్గర ఆడవాళ్లు నవ్వారు.
నేనూ నవ్వబోయాను, కుదరలేదు.

సిరిపురంలో మా ఆఫీసు, నా బల్ల మీద
నిరుడు ఇచ్చిన గాజు జ్ఞాపిక:
కిలోకి పదకొండు రూపాయలు తగ్గించి కొన్నందుకు.
చప్పట్లు కూడా కొట్టారు ఆ రోజు.
ఆ పదకొండు రూపాయలు
ఎక్కడినుంచి వచ్చాయో ఇవాళ చూశాను:
మూడో వేలు పట్టని చోటునుంచి.

కాగితం రాసుకుని పై అంతస్తుకి వెళ్లాను.
పదిహేను రోజుల్లో చెల్లింపు,
వలకి సగం మనది,
మూడేళ్లు కొంటామన్న మాట, సంతకంతో.
ఫైనాన్స్ చూసే భాగవతుల గారు
కళ్లజోడు నుదుటి మీదకి తోసి
"ఇది కొనుగోలా, వియ్యమా?" అన్నారు.
"ఒక్కడికిస్తే అందరూ అడుగుతారమ్మా."
అడగాలనే సార్, అన్నాను,
గొంతు అనుకున్నంత గట్టిగా రాలేదు.

పదిహేను ముప్పై అయింది.
వలకి సగం, మూడో వంతు అయింది.
మూడేళ్లు ఒక ఏడాదికి కుదించుకుపోయింది.
ఉతికిన నూలు చొక్కాలాంటి ఒప్పందం,
బిగుతే, కానీ తొడుక్కోవచ్చు.

జూన్‌లో నిషేధం ఎత్తేశాక
మళ్లీ అదే జెట్టీ.
కొత్త నీలం వల, ఇంకా చేప వాసన పట్టలేదు.
మూడో వేలు దూరింది, కొంచెం ఒరుసుకుంటూ.
"సరుకు తగ్గిపోనాది" అని తిట్టాడు దాలయ్య,
నన్నో, సముద్రాన్నో తేల్చకుండా.
తిట్టేవాడు దగ్గరివాడే అనుకున్నాను.

ఫారంలో ఇప్పుడు ఇరవై నాలుగో ప్రశ్న ఉంది,
నేనే చేర్చాను, ఎవర్నీ అడక్కుండా:
మేము నీకు ఎంత బాకీ, ఎన్నాళ్లుగా?
జవాబు రాయడానికి నా పెన్ను అడిగి తీసుకున్నాడు.
చెవి మీద పెట్టుకుని ఐసు దించడానికి వెళ్లాడు.

ఇంకా తిరిగివ్వలేదు.