ఓ, ల, ఆ తర్వాత

భీమిలి రోడ్డు మలుపులో రేకు బోర్డు పాతారు.
పసుపు పూత ఆరాక నల్లరంగు కలిపి
'ఓ' రాశాను, 'ల' రాశాను.
ఆగమన్నారు.

"ల పక్కన సున్నా చుట్టు" అన్నాడు
పోస్టాఫీసులో రిటైరైన పరదేశి మేస్టారు.
ఒలందావాళ్ల ఓడలు ఇక్కడే లంగరేశాయట,
మనది ఓలందపేటట.
రుజువుకి తువ్వాల్లో చుట్టి తెచ్చాడు,
ఇసకలో దొరికిన నీలిగీతల పింగాణీ పెంకు.
ఆ పూట నాకు టీ ఇచ్చిన కప్పు మీదా అవే గీతలు.
నేనేమీ అన్లేదు.

"సున్నా నీ నెత్తి మీదెట్టుకో" అన్నాడు సూరాడ ఎల్లాజీ.
పూరీ అవతల్నించి ఏడు తెప్పలు బయల్దేరితే
ఆరు తుపానులో పోయాయట.
ఏడోదాని మీద నెలలు నిండిన మనిషి.
కాలికి ఇసక తగలగానే "ఓలమ్మా!" అందట.
ఆ కేకే ఊరట.
"మ రాసి కింద మావత్తియ్యి."

బందరు నించి వచ్చామని ఒకడు,
ఉప్పుకొఠారు కూలీలమని ఇంకొకడు,
ఆ మాటకి వాడి చొక్కా పట్టుకుని మరొకడు.
డబ్బాలో రంగు మీగడ కడుతోంది.
టర్పెంటైన్ పోసి కలిపాను, మళ్లీ కలిపాను.

ఎండుచేపలు తిరగేస్తున్న దేముడమ్మ
తలెత్తకుండానే అంది:
"లకి గుడియ్యి బాబూ. ఓలిపేట.
ఒడ్డున దిగినోడికి మా పిల్ల కావాలొచ్చింది.
ఓలి కింద ఏటిస్తాడు? తెప్ప ఇచ్చీసినాడు.
తెప్ప నేకపోతే ఎనక్కెలాగెల్తాడు?
ఉండిపోనాడు.
పూరీ గానీ బందరు గానీ,
ఒచ్చినోళ్లు మగోళ్లు.
మేం ఎక్కడ్నించీ రానేదు."

ఎల్లాజీ చెవి మీది బీడీని
జేబులో వెతుక్కున్నాడు.
మేస్టారు పెంకుని తువ్వాల్లో చుట్టి, విప్పి, మళ్లీ చుట్టాడు.
అంతసేపూ సముద్రం ఒక్కటే మాట్లాడింది.
ఆ తర్వాత ఎవరో
"ముసిల్దాని మాట బోర్డు మీదకెక్కుతాదేటి" అన్నారు.
చొక్కా పట్టుకున్నవాడు మళ్లీ పట్టుకున్నాడు.

పొద్దు గూకింది.
సగం కూలి చేతిలో పెట్టి,
తేల్చుకుని కబురెడతామన్నారు.
రెండక్షరాలకి ఎక్కువే ఇచ్చారు.

నాలుగేళ్లయింది.
బస్సు కండక్టరు "ఓల, ఓల" అని అరుస్తాడు,
దిగేవాళ్లు దిగుతారు.
మొన్న అటు వెళ్తూ చూశాను.
ఉప్పుగాలికి ల పక్కన తుప్పు లేచింది,
గుండ్రంగా.
మేస్టారు రోజూ వచ్చి చూసుకుంటున్నాడట.
దేముడమ్మ మనవరాలు మాత్రం
చీపురుపుల్లతో చూపించింది నాకు:
అది పక్కకి కాదు,
పైకి పాకుతోంది.