పంటికీ దానికీ ఏం సంబంధం

హన్మకొండ చౌరస్తాల, చెప్పుల దుకాణం మీది అంతస్తుల
కుర్చీ వెనక్కి వాల్చి, నోట్లెకు లైటు తిప్పి
నిఖత్ డాక్టరమ్మ అడిగింది:
"నెలసరి ఎప్పుడు ఆగింది స్వరూపా?"

నోరు తెరిచి ఉన్నదాన్ని, ఎట్ల చెప్తను.
మూడు వేళ్లు చూపిన. తర్వాత ఆరు.
ముప్పై ఆరు.
ఆమె చేతిల అద్దంపుల్ల ఆగిపోయింది.

పంటికీ దానికీ ఏం సంబంధం?
నేనొచ్చింది తీగె బిగించుకొని పోతందుకు.
ముందటి రెండు పండ్ల నడుమ సందు పడ్డది,
విజిల్ ఊదితే గాలి పక్కకు జారుతున్నది.
డ్రైవర్ ఓదెలు అద్దంల చూసి నవ్విండు:
"అక్కా, నీ రైట్ రైట్‌ల ఒక రైటే వినొస్తున్నది."

నర్సంపేట రూటు, ఇర్వై రెండేండ్ల కండక్టర్ని.
ఎనుమాముల కాడ మిర్చి యార్డు కూలీలెక్కితే
వాళ్ల కొంగుల ఘాటుకే నా చిగుర్లు భగ్గుమంటయి.
తీగె ఏసినప్పటి సంది పొద్దున ఉమ్మి గులాబి రంగు.
జామకాయ కొరుకుడు మర్చిపోయిన.
పుష్యమాసం మంచుల కూడ ఒళ్లంత ఆవిరి లేసి
నేను కిటికీ తెరుస్త,
వెనక సీటు ముసలాయన తిట్టుకుంట మూస్తడు.

పై వారం పాత సంచి దులిపి ఆపరేషన్ కాయితం తెచ్చిన.
కడుపుల నొప్పని పోతే
"ఇద్దరు పిల్లలైరి, ఇంకెందుకు గర్భసంచి" అన్నరు అప్పుడు.
నిజమే గదా అనుకున్న. సంతకం పెట్టిన.
డాక్టరమ్మ ఇంగ్లీషు చదివి కండ్లద్దాలు తీసింది.
సంచొక్కటే గాదట.
పక్కన రెండు అండాశయాలుంటయట, అవ్వి కూడ.
పదకొండేండ్లకు తెలిసింది నాకు,
పండ్ల డాక్టరు కుర్చీల.

"ఎముక అంటే గోడ గాదు" అన్నది ఆమె,
"రోజు కూల్చుడు, రోజు కట్టుడు.
పన్ను జరగాలంటే ముందల కూలాలె, వెనక కట్టాలె.
నీ ఒంట్ల కూల్చేటోళ్లు పొద్దుగాలనే డ్యూటీకొస్తున్నరు,
కట్టేటోళ్లకు హాజరు లేదు.
అందుకే నీ పండ్లు జల్ది జరుగుతయి.
నిలబడుడే కష్టం."

తీగె సన్నది మార్చింది. నాలుగు వారాలు గాదు, ఆరుకు రమ్మన్నది.
ఎముకల పరీక్షకు రాసింది, ఆడోళ్ల డాక్టరుకు రాసింది.
పైసలు మాత్రం తగ్గియ్యలే. అది వేరే ముచ్చట.

మెట్లు దిగుతుంటే మిషిన్ యాదికొచ్చింది.
ఆడోళ్లకు సున్నా టికెట్ కొడ్త గదా, గుర్రుమని,
ఎక్కిన స్టేజీ ఉంటది, దిగే స్టేజీ ఉంటది.
నాకూ ఒకటి కొట్టిచ్చిన్రు ఎవరో మత్తుల ఉండంగ,
దిగే స్టేజీ రాయకుంట.

నిన్న గొర్రెకుంట కాడ ఒక పిల్ల ఎక్కింది.
ఇర్వై తొమ్మిది ఉంటయో లేవో,
ఒళ్లె పసుపుపచ్చ స్కానింగ్ కవర్.
అడగకుంటనే చెప్పింది: సంచి తీస్తమన్నరక్కా, సోమవారం.

బస్సు నిండ జనం. నా నోటి నిండ ఇనుము.
"సంచి సంగతి ఇంకో డాక్టర్నడుగు.
తీసుడే అయితే, పక్కవి ఉంచుతరా తీస్తరా అడుగు.
సంతకం పెట్టకముందు."
మాట పండ్ల సందుల గుండా సగం గాలైపోయింది.
"ఏందక్కా?" అన్నది.

టికెట్ ఎనక రాసిచ్చిన.
తర్వాత విజిల్ పెదవుల నడుమ పెట్టుకొని
చిగురు సలుపుతున్నా సరే
గట్టిగ ఊదిన.
ఓదెలు ఎనక్కి తిరిగి చూసిండు.